వేలికి తగలనిది

హాస్పిటల్ క్వార్టర్స్, రెండో అంతస్తు,
వానలు మొదలైన వారం.

మామయ్యకి నమస్కారాలు.

ఈ ఉత్తరంతో పాటు ఒక వీడియో కేసెట్ వస్తుంది. అది పెళ్ళి కేసెట్ కాదని అత్తయ్యకి ముందే చెప్పండి, లేకపోతే టీ కప్పు పట్టుకుని సంబరంగా కూర్చుంటుంది. అందులో ఉన్నది పోయిన నెల మా యూనిట్‌లో చేసిన కడుపు క్యాన్సర్ ఆపరేషన్. చీఫ్ చేశారు, నేను కెమెరా పట్టుకున్నాను.

మీరు నాకు నేర్పిన దారి వేరు. రొమ్ము ఎముక కింద మొదలుపెట్టి బొడ్డు దాటేదాకా కొయ్యి, చేతులు లోపల పెట్టు, తర్వాత ఆలోచించు. ఇక్కడ నాలుగైదు చిన్న కన్నాలు మాత్రం పెడతాం. గ్యాస్ ఎక్కిస్తే పొట్ట గుడారంలా లేస్తుంది. ఒక కన్నంలోంచి కెమెరా, మిగతావాటిలోంచి పొడుగాటి కత్తెరలూ పట్టకార్లూ వెళ్తాయి. అందరం టీవీ వైపు చూస్తూ పనిచేస్తాం. రోగమున్న భాగాన్ని చుట్టూ విడదీశాక, మూడు వేళ్ళ వెడల్పు కోత ఒకటి పెట్టి దాన్ని బయటికి తీస్తాం, మిగిలిన కడుపుని పేగుకి కలిపేస్తాం. రోగం తొలిదశలో దొరికినవాళ్ళకే ఇది చేస్తున్నాం. మర్నాడు వాళ్ళు లేచి నడుస్తుంటే, పక్క మంచం మీద పెద్ద కోత పేషెంటు దుప్పటి మొహం మీదికి లాక్కుంటున్నాడు.

సర్జన్ల సంఘం పత్రికలో మీ వ్యాసం చదివాను. 'గుడ్డి శస్త్రచికిత్స' అని పేరు పెట్టడంలో మీ ముద్ర తెలిసిపోతూనే ఉంది. మా చీఫ్ దాన్ని నోటీసు బోర్డుకి గుచ్చారు. కింద ఎవరో 'ఈయన మన పిచ్చుకకి మేనమామ' అని రాశారు. నా చిన్నప్పుడు మీరు పెట్టిన పేరు ఇక్కడిదాకా ఎగిరొచ్చింది.

గడ్డని వేలితో తడమకుండా ఎక్కడ కొయ్యాలో ఎలా తెలుస్తుందని అడిగారు. ముందురోజు ఎండోస్కోపీ డాక్టర్ నోట్లోంచి గొట్టం పంపి, లోపలి వైపున గడ్డకి కాస్త పైన చిన్న లోహపు క్లిప్పులు పెడతారు. ఆపరేషన్ బల్ల మీద ఎక్స్‌రే తీస్తే అవి కనిపిస్తాయి. వాటికి పైన కోస్తాం.

చూసి తిట్టండి. మీరు తిట్టకపోతే ఏదో దాస్తున్నారని అనుకుంటాను.

మీ మేనకోడలు


ఇంటి ముందు గది,
వాన ఆగని మధ్యాహ్నం.

పిచ్చుకకి ఆశీస్సులు.

కేసెట్ చూశాను. మీ అత్తయ్య కూడా చూసింది, బఠానీలు ఒలుస్తూ. నాకు తల నొప్పి వచ్చింది, ఆవిడకి ముచ్చటేసింది. "రక్తం ఇంత తక్కువా? మీరు ఇంటికొచ్చినప్పుడు మీ బూట్ల మీద కూడా ఉండేది కదండీ" అంది. నలభై ఏళ్ళ నా సర్జరీకి ఇంట్లో దక్కిన కితాబు అది.

తిట్టమన్నావు కాబట్టి తిడుతున్నాను. తాళం కన్నంలోంచి ఇంట్లోకి చూసేవాళ్ళని నేనెరిగినంతలో దొంగలంటారు. మీ చీఫ్ చెయ్యి మంచిదే, కాదనను. కానీ కెమెరాకి కనిపించేది కడుపు పై తొడుగు. రోగం పుట్టేది లోపలి పొరలో. బయట ఎంత మెరిసినా లోపల ఏముందో వేలికే తెలుస్తుంది. కడుపుని రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపితే, కందిగింజంత గట్టితనం కూడా నాకు చెప్పకుండా ఉండేది కాదు. ఆ వేళ్ళని మీరు తలుపు బయట నిలబెట్టారు. ఇంకోటి, రక్తనాళాల వెంట ఉండే లింఫు గ్రంథులు. రోగం ముందు పాకేది వాటిలోకే. కర్రలతో గిల్లి గిల్లి తీస్తే అన్నీ వచ్చాయని నమ్మకమేంటి?

కేసెట్‌లో పేషెంటు పొట్టని పైనుంచి ఒక్కసారి కూడా చూపించలేదు. పాత మచ్చలున్నాయా, లేవా? మచ్చ ఉన్నచోట లోపల పేగులు అంటుకుని ఉండొచ్చు. మచ్చలు రాయకుండా నువ్వు తెచ్చిన కేసు షీటు నేను కిటికీలోంచి విసిరేసిన రోజు మర్చిపోయావా? పేషెంటు పేరు మర్చిపో, ఊరు మర్చిపో, పొట్ట మీద మచ్చ మాత్రం మర్చిపోకు. ఇది మీ చీఫ్‌కి కూడా చెప్పు.

మీ అత్తయ్య కేసెట్ వెనక్కి తిప్పమంటోంది. ఆ నీలం పట్టకారు సన్నివేశం మళ్ళీ చూడాలట.

మామయ్య


హాస్పిటల్ క్వార్టర్స్,
వానలు తగ్గాక.

మామయ్యకి,

తిట్లు అందాయి. చీఫ్‌కి చదివి వినిపించాను. మచ్చల విషయంలో మీదే న్యాయమన్నారు. ఇకనుంచి ప్రతి కేసెట్ పొట్ట చర్మంతో మొదలవుతుంది.

కర్రలతో గిల్లడం అన్నారే, అది నేర్చుకోవడం నేననుకున్నదానికన్నా కష్టం. పనిముట్టు కన్నం దగ్గర ఊతపడి తిరుగుతుంది కాబట్టి, నేను చెయ్యి ఎడమకి జరిపితే లోపల మొన కుడికి పోతుంది. కొన్ని వారాల పాటు అట్టపెట్టెకి కన్నాలు పెట్టి, లోపల రబ్బరు గ్లవ్ ఉంచి, టీవీలో చూస్తూ కుట్లు వేశాను. మొదట్లో గ్లవ్ కన్నా అట్టపెట్టెకే ఎక్కువ కుట్లు పడ్డాయి. అద్దం ముందు తల దువ్వుకోవడంలో కూడా తడబడ్డాను.

గ్రంథుల మాట. తీసినవాటిని మైక్రోస్కోపు కింద చూసే డాక్టరమ్మ పెద్ద కోతవీ మావీ కలిపి చూస్తున్నారు. ఇప్పటిదాకా పెద్ద తేడా లేదన్నారు. ఇప్పటిదాకా అన్న మాట ఆవిడదే. అందుకే కొన్ని ఆసుపత్రులు కలిసి ఒక అధ్యయనం మొదలుపెడుతున్నాం. పేషెంటు ఒప్పుకుంటే చీటీ తీస్తాం. చీటీలో ఏ పద్ధతి వస్తే అదే చేస్తాం. ఐదేళ్ళు ఆగి, ఎంతమందికి రోగం తిరగబెట్టిందో చూస్తాం. అప్పటిదాకా ఏది మంచిదని ఎవరడిగినా నా జవాబు 'తెలీదు'. ఆ మాట పేషెంటు మొహంలోకి చూసి చెప్పడం కుట్టు వెయ్యడం కన్నా కష్టంగా ఉంది.

అత్తయ్యకి మరో కేసెట్ పంపనా?

మీ మేనకోడలు


ఇంటి ముందు గది,
చలి మొదలైంది.

పిచ్చుకకి,

ఒక కేసు గురించి నీ అభిప్రాయం కావాలి. నాకు తెలిసినవాళ్ళ తాలూకు.

స్త్రీ, అరవైకి దగ్గర. కొన్నాళ్ళుగా ఆకలి తగ్గింది, తిన్నాక బరువుగా ఉంటుంది. ఎండోస్కోపీలో కడుపు కింది భాగంలో, లోపలి వంపు మీద, గోరంత మేర పొర ఎర్రబడి కొంచెం గుంట పడింది. ముక్క తీసి చూస్తే క్యాన్సర్ కణాలున్నాయి. స్కానులో కాలేయం బాగుంది, గ్రంథులు ఉబ్బలేదు. రోగం లోపలి పొర దాటినట్టు లేదు. గుండె, ఊపిరితిత్తులు మంచివే. చక్కెర జబ్బు లేదు. పాత ఆపరేషన్లు లేవు. పొట్ట మెత్తగా ఉంది, గడ్డ తగలదు. ఎడమ పక్కటెముకల కింద ఇస్త్రీపెట్టె మొన ఆకారంలో పాత కాలిన మచ్చ, అరచేతి వెడల్పు, అంచుల్లో చర్మం ముడుచుకుంది.

మీ పద్ధతికి ఈవిడ పనికొస్తుందా? మీకు జరిగిన పొరపాట్లు ఏమిటి, పెద్ద కోతకి మారాల్సి వచ్చినవి ఎలాంటివి? మామయ్యకి రాస్తున్నట్టు రాయకు. తోటి డాక్టరుకి రాసినట్టు రాయి.

తొందరగా రాయి.

మామయ్య


హాస్పిటల్ క్వార్టర్స్,
మీ ఉత్తరం అందిన సాయంత్రం.

మామయ్యకి,

తోటి డాక్టరుకి రాయమన్నారు కాబట్టి ముందు అదే రాస్తున్నాను.

పనికొస్తుంది. గడ్డ ఉన్న చోటు, లోతు, వయసు, అన్నీ మేము ఎంచుకునే కేసులకి సరిపోతాయి. కాలిన మచ్చ చర్మానిదే, లోపల అంటుకునే అవకాశం తక్కువ. పెద్ద కోతకి మారినవి చాలావరకు రక్తం ఆగక, లేదా లోపల కొవ్వు ఎక్కువై దారి కనపడక. ఈవిడ లావు మనిషి కాదు.

పొరపాటు ఒకటి చెప్పాలి. మొదట్లో క్లిప్పులకి బదులు ఎండోస్కోపీ సూదితో నల్ల ఇంకు ఎక్కించేవాళ్ళం, బయటినుంచి మరక కనిపిస్తుందని. ఒక పేషెంటులో ఆ ఇంకు అద్దుడు కాగితం మీద లాగా పొరల మధ్య పాకిపోయింది. కడుపు సగం నల్లగా కనపడింది. మధ్యలో ఉంటుందిలే అని అంచనా వేసి కోశాం. ముక్క బయటికి తీసి చీల్చి చూస్తే రోగం కోత అంచుకి ఆనుకుని ఉంది. వెంటనే పొట్ట తెరిచి ఇంకొంత తీసేశాం. ఆయన బాగున్నాడు, కానీ పెద్ద కోత తప్పలేదు. మీరన్న వేలు ఆ రోజు ఉంటే బాగుండేదని నేనూ అనుకున్నాను. అప్పటినుంచి ఇంకు మానేశాం. క్లిప్పుల్ని ఎక్స్‌రేలో చూడందే కత్తి ముట్టుకోం.

ఇక మేనకోడలిగా. మీ ఉత్తరంలో ఒక్క తిట్టు కూడా లేదు. అప్పుడే అనుమానం రావాల్సింది. మచ్చ దగ్గరికి వచ్చేసరికి ఉత్తరం పక్కన పెట్టేసి కిటికీ దగ్గరికి వెళ్ళాను.

మామయ్యా, అత్తయ్య మీ తెల్లకోటు ఇస్త్రీ చేస్తుంటే ఫోను మోగి, అటు తిరిగి, పెట్టెని ఒంటి మీద పడేసుకున్న రోజు నేను ఆ గదిలోనే ఉన్నాను. ఆ తర్వాత సెలవులకి వచ్చినప్పుడల్లా నా అరచెయ్యి ఆ మచ్చ మీద ఆనించి ఎంత పెరిగానో చూసుకునేదాన్ని. పేరు మర్చిపో, ఊరు మర్చిపో అన్నారు. దాచిపెట్టాల్సినప్పుడు కూడా మచ్చ రాయకుండా ఉండలేకపోయారు.

తనకి తెలుసా?


ఇంటి ముందు గది.

పిచ్చుకకి,

తెలీదు. పుండు అని చెప్పాను. పుండుకి మాత్రలిస్తున్నాను.

నువ్వు దొరకపుచ్చుకుంటావని నాలో సగానికి తెలుసనుకుంటాను. అది వదిలెయ్యి. నేను ఆలోచించింది ఇది. మా పాత ఆసుపత్రిలోనే చేయిద్దాం, పెద్ద కోతతోనే. నా శిష్యుడు చేస్తాడు. నేను గ్లవ్స్ వేసుకుని పక్కన నిలబడతాను. అవసరమైతే చెయ్యి పెడతాను. నీ ఐదేళ్ళ 'తెలీదు' మీద నా ఇంటిని పందెం కాయలేను. తనకి పుండు ఆపరేషన్ అనే చెబుదాం. నువ్వు తనకేమీ రాయకు.

ఇంకో మాట ఎవరికీ చెప్పలేదు. మందు వేసే సాకుతో రోజూ తనని పడుకోబెట్టి పొట్ట నొక్కి చూస్తున్నాను. ఇన్నేళ్ళలో ఎన్నో రోగాలు నాకు వేళ్ళతోనే దొరికాయి. ఇది దొరకట్లేదు. ఏమీ తగలట్లేదు. తొలిదశలో తగలదని పుస్తకాల్లో ఉంది, నేనే పాఠం చెప్పాను. అయినా రోజూ నొక్కుతున్నాను. తను "ఏమండీ, చక్కిలిగింత" అని నవ్వుతుంది. నాకు భయంగా ఉంది.

మామయ్య


హాస్పిటల్ క్వార్టర్స్.

మామయ్యకి,

వేలికి తగలని గడ్డ, పొట్ట తెరిచినా తగలకపోవచ్చు. ఆ సంగతి మీకు తెలుసు. పెద్ద కోత తప్పని నేననను. ఇప్పటికి అనుభవం ఎక్కువున్నది దానికే. కానీ అది అత్తయ్య పొట్ట. మీరూ నేనూ కేసు షీటు చేసి మాట్లాడుకున్నాం, నేను కూడా ముందు డాక్టరుగానే జవాబిచ్చాను. ఇకమీదట తన గురించి మీకు ఒక్క ముక్క రాయను.

దీనితో పాటు తనకో ఉత్తరం పెట్టాను, కవరు అంటించలేదు. చదివి ఇవ్వండి. ఇవ్వలేకపోతే చెప్పండి, నేనే సెలవు పెట్టి వస్తాను. అందులో ఉన్నది ఇంతే: రోగం పేరు, రెండు దారులు, రెండోదాని గురించి మాకు తెలీనిది, మా దగ్గర చేయించుకుంటే చీఫ్ చేస్తారని. నేను చెయ్యను. నా చెయ్యి నిలవదు.

పిచ్చుక


ఇంటి వెనక వరండా, ఎండ బాగుంది.

పిచ్చుకా,

నీ ఉత్తరం చేరింది. ఇవ్వడానికి మీ మామయ్య గదిలోకి రావడం, కిటికీ తెరలు సర్దడం, వెళ్ళిపోవడం. మళ్ళీ రావడం, గడియారానికి కీ ఇవ్వడం, వెళ్ళిపోవడం. చివరికి నా కళ్ళజోడు కింద పెట్టేసి బజారుకి పోయాడు. ఇంట్లో అన్నీ ఉన్నాయి, బజారులో ఏం పనో.

నాకు ముందే తెలుసే. ఎండోస్కోపీ గదిలో టీవీ నా వైపే ఉంది. గొట్టం తీసేశాక "ఏం బాబూ, ఆ ఎర్రమచ్చేంటి?" అని అడిగితే ఆ డాక్టరు, మీ మామయ్య శిష్యుడే, తెల్లమొహం వేసి "సార్ చెప్తారండీ" అన్నాడు. "సార్ చెప్పరు, నువ్వు చెప్పు" అన్నాను. పాపం, క్యాన్సర్ అనుమానమని చెప్పేశాడు. నాకు తెలుసని సార్‌కి చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. ఆయన దాచడానికి అంత అవస్థ పడుతుంటే మధ్యలో చెడగొట్టబుద్ధి కాలేదు. పైగా నాకు తెలుసని తెలిస్తే ఆయన్ని ఓదార్చే పని కూడా నా నెత్తినే పడేది. నాకే ఓపిక లేదు.

ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో గడిపినదాన్ని. ఇటువాళ్ళనీ అటువాళ్ళనీ కలిపేసి, మధ్యలో వినకుండా కూర్చోవడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. ఆయన వెళ్ళాక మీ ఉత్తరాలన్నీ, ఆయన కార్బన్ పెట్టి దాచుకున్న తన నకళ్ళతో సహా, తీసి చదివాను. ఎంత చక్కగా రాసుకున్నారే! లోపలి వంపు, గోరంత మేర, పొట్ట మెత్తగా ఉంది. ఈవిడ, ఈవిడ అని. ఈవిడని ఒక్కరైనా అడిగారా? కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. భయం కూడా ఉంది, అది నీకొక్కదానికే చెబుతున్నాను.

సరే, నేను తేల్చుకున్నది విను. మీ దగ్గరికే వస్తాను, చిన్న కన్నాలే పెట్టించండి. మచ్చ గురించి కాదు. ఈ వయసులో నా పొట్ట చూసి మురిసేవాళ్ళెవరు? మీ మామయ్య రాసింది చదివావు కదా, పక్కన నిలబడతాడట. ఆయన నిలబడటం నాకు తెలియదా? కూర మూత తియ్యకుండా పొయ్యి దగ్గర నిలబడలేని మనిషి. పెద్ద కోత పెడితే ఆయన చెయ్యి లోపల పెట్టకుండా ఆపగలిగేవాడు ఆ శిష్యుల్లో పుట్టలేదు. ఆ చెయ్యి ఇప్పుడు వణుకుతోంది. నా పొట్ట నొక్కేటప్పుడు నాకు తెలుస్తుంది కదా. ఏమన్నా అయితే, బతికినన్నాళ్ళూ తన చెయ్యి చూసుకుని కూర్చుంటాడు. మూడు వేళ్ళ కోతలో ఆయన చెయ్యి పట్టదు. నాకు కావలసింది అదే.

రోగం తిరగబెడుతుందో లేదో మీకు తెలీదన్నావు. ఆ మాట తిన్నగా చెప్పింది నువ్వొక్కదానివే. సరే, నాకూ తెలీదు. మీ చీటీల ఆటలో నన్ను కలపకు, నా చీటీ నేను తీసేసుకున్నాను.

ఇంకోటి. ఇకనుంచి నా గురించి ఆయన రాసే ప్రతి ఉత్తరం నేను చదివాకే పోస్టులో పడాలి, నువ్వు రాసేది ముందు నా చేతికే రావాలి.

అత్తయ్య


ఇంటి ముందు గది,
ఎండలు ముదురుతున్నాయి.

పిచ్చుకకి ఆశీస్సులు.

ఇల్లు చేరాక స్థిమితంగా రాసే మొదటి ఉత్తరం ఇది. మీ అత్తయ్య కోలుకుంది. కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు తింటోంది. తిన్నాక నడుస్తోంది, నన్ను కూడా నడిపిస్తోంది. మైక్రోస్కోపు రిపోర్టు రోజూ ఒకసారి తీసి చూస్తున్నాను. కోత అంచుల్లో రోగం లేదు, గ్రంథుల్లో లేదు. అంతవరకే చదువుతున్నాను. ఆపైన ఉన్నది నీ ఐదేళ్ళు.

ఆపరేషన్ రోజు నన్ను థియేటర్లోకి రానిచ్చినందుకు మీ చీఫ్‌కి కృతజ్ఞతలు చెప్పు. గోడవారగా స్టూలు వేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోమన్నాడు. నా సర్వీసులో నాతో అలా మాట్లాడినవాడు లేడు. కూర్చున్నాను. ఎక్స్‌రేలో క్లిప్పులు కనపడి అతను "అవిగో" అన్నప్పుడు నేను కూడా పైకే అన్నాను, అందరూ విన్నారు.

నువ్వు బయట వరండాలో ఉన్నావు కాబట్టి నీకు తెలియని సంగతి ఒకటి రాయాలి. ముక్క బయటికి వచ్చాక, చీల్చకముందు, అతను దాన్ని ట్రేలో పెట్టి నా దగ్గరికి తెచ్చాడు. "చూస్తారా సార్?" అన్నాడు. గ్లవ్స్ వేసుకున్నాను. కళ్ళు మూసుకుని, నీకు నేర్పినట్టే, రెండు వేళ్ళ మధ్య పెట్టి నెమ్మదిగా మొత్తం తడిమాను. క్లిప్పులు తగిలాయి. గడ్డ తగల్లేదు. మళ్ళీ తడిమాను. తగల్లేదు. తర్వాత అతను చీల్చి తెరిచి పెట్టాడు. క్లిప్పులకి కింద, చక్కగా దూరంలో, గోరంత ఎర్రటి మరక. కళ్ళకి కనిపించింది. వేలు పెట్టి చూస్తే పక్కనున్న పొరకీ దానికీ తేడా లేదు.

పత్రికకి ఇంకో వ్యాసం పంపాను. పాతది తప్పని రాయలేదు, గ్రంథుల సంగతి తేలాలి. తొలిదశ రోగం గురించి వేళ్ళని నమ్మి నేను రాసిన పేరా మాత్రం వెనక్కి తీసుకున్నాను. కారణం రాయలేదు. ఒక పేషెంటు అన్నాను.

మీరు పంపిన ఆ ఆపరేషన్ కేసెట్ నిన్న ఇంట్లో వేసుకుని చూశాం. నేను చెప్పినట్టే పొట్ట చర్మంతో మొదలుపెట్టారు, సంతోషం. కన్నాలు బాగా మానాయి, వెతికితే గానీ దొరకవు. మూడు వేళ్ళ కోత కూడా గీతగా సన్నబడుతోంది. ఇప్పటికీ ఆవిడ పొట్ట మీద అన్నిటికన్నా పెద్ద మచ్చ ఆ ఇస్త్రీపెట్టెదే.

మామయ్య

చదివాను. కేసెట్ చూశాం అని రాశాడు. చూసింది నేను. మచ్చ దాటి మొదటి కన్నం పెట్టేసరికి ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పాడు. ఏం చేస్తున్నారండీ అని కేకేస్తే, చేతులు కడుక్కుంటున్నానన్నాడు. నేను టీవీ ఆపేదాకా కడుక్కుంటూనే ఉన్నాడు. — అత్తయ్య